బావ వాళ్ళింటి కంప్యూటర్: పాత ఐ5, కొత్త ఐ3, రైజెన్... ఏది తీసుకోవాలి?

“ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, గేమింగ్ క్యాబినెట్ విత్ 450 వాట్స్, కీబోర్డ్ మౌస్ ఫ్రీ.” గుంటూరులో ఒక షాపువాళ్ళు మా బావకి రాసిచ్చిన కొటేషన్ ఇది, ఉన్నదున్నట్టు. విడివిడిగా ధరలు లేవు, కింద ఒకటే మొత్తం, దాని చుట్టూ పెన్నుతో ఒక సున్నా. బావ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి “చవగ్గానే ఉంది కదా, అడ్వాన్స్ ఇచ్చేయనా?” అన్నాడు.

ఆగమన్నాను. ఈ చీటీలో రాసినవాటికన్నా రాయకుండా వదిలేసినవే ఎక్కువ. ఐ5 సరే, ఎన్నో జనరేషన్, అంటే ఏ కాలపుది? మదర్‌బోర్డు ఊసే లేదు. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు దాచే డ్రైవు) ఏ కంపెనీది, వైరుతో తగిలించే పాత పద్ధతి శాటానా, బోర్డు మీదే కూర్చునే ఎన్‌వీఎంఈనా? ఆ 450 వాట్లు ఎవరు లెక్కపెట్టారు? రెండు షాపుల కొటేషన్లు పక్కపక్కన పెడితే అయిదారు వేలు తేడా కనిపిస్తుంది చూశారా, చాలాసార్లు ఆ తేడా దాక్కునేది ఈ రాయని చోట్లలోనే. అందుకే ఇంట్లోవాళ్ళకి కంప్యూటర్ కట్టించేటప్పుడు ముందు అడగాల్సింది డిస్కౌంట్ గురించి కాదు, ప్రతి పార్టుకీ కంపెనీ పేరు, మోడల్ నంబరు, ధర, వారంటీ ఎన్నేళ్ళో రాసివ్వమని. రాసివ్వమంటే మొహం మాడ్చుకునే షాపులు ఉంటాయి, పక్క షాపుకి వెళ్ళడమే.

ఇంతకీ ఆ ఇంట్లో కంప్యూటర్‌తో పనేమిటి? బావ సాయంత్రాలు ఇంటి దగ్గర కొన్ని షాపుల లెక్కలు రాస్తాడు. ట్యాలీ, జీఎస్‌టీ రిటర్నులు, ఎక్సెల్, ఎప్పుడు చూసినా తెరిచే ఉండే బోలెడు క్రోమ్ ట్యాబులు. అక్కకి యూట్యూబ్, బ్యాంకు పనులు, ఫోన్లలో చెల్లాచెదురుగా పడి ఉన్న ఫొటోలన్నీ ఒకచోటికి చేర్చుకోవడం. మేనకోడలు ఇంటర్ సెకండియర్, వచ్చే ఏడు ఇంజనీరింగ్‌లో చేరుతుంది, “అవన్నీ తర్వాత మావయ్యా, వాలరెంట్ గేము నడుస్తుందా లేదా అది చెప్పు” అంటుంది. వీడియో ఎడిటింగ్ లేదు, భారీ గేములు లేవు. కానీ పొద్దస్తమానం ఆన్‌లోనే ఉంటుంది, కొన్నాక ఏడెనిమిదేళ్ళు మార్చరు, పాడైతే చూడాల్సిన నేను విజయవాడలో ఉంటాను, 35 కిలోమీటర్లే అయినా పిలిచిన ప్రతిసారీ బస్సెక్కి వెళ్ళలేను. ఈ చివరి సంగతి నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది. ఎంత వేగం అన్నదానికన్నా ఎంత తక్కువగా ఫోన్ మోగుతుంది అన్నదే చూశాను.

ల్యాప్‌టాప్ ఎందుకు కాదు అంటారా? వాడేది ఒక్కరే అయితే, పైగా హాస్టల్‌కో ఆఫీసుకో పట్టుకెళ్ళాల్సి ఉంటే, ల్యాప్‌టాపే కొనండి. ముగ్గురు వంతులేసుకుని వాడే ఇంట్లో మాత్రం అదే డబ్బుకి పెద్ద తెర, సరైన కీబోర్డు, పాడైన పార్టు ఒక్కటే మార్చుకునే వీలు డెస్క్‌టాప్‌తోనే వస్తాయి. ఆల్ ఇన్ వన్‌లు హాల్లో పెడితే అందంగానే ఉంటాయి గానీ తెర పోతే మొత్తం పోయినట్టే, వాటి జోలికి వెళ్ళొద్దు.

పాత ఐ5 అసలు రంగు

ఫోన్ చేసి గట్టిగా అడిగితే ఆ ఐ5 నాలుగో జనరేషన్ అని తేలింది, ఐ5-4570. అది 2013లో వచ్చిన ప్రాసెసర్. ఇలాంటివాటిని కొత్తగా తయారైన హెచ్81 బోర్డుల మీద పెట్టి, రంగురంగుల ఫ్యాన్లున్న క్యాబినెట్‌లో బిగించి, గేమింగ్ పీసీ అని ఇప్పటికీ అమ్ముతున్నారు. బోర్డు కొత్తది, డబ్బా కొత్తది, లోపలి ప్రాసెసర్ మాత్రం ఏదో ఆఫీసులో సర్వీసు పూర్తిచేసుకుని వచ్చింది.

“ఐ5 అంటే ఐ3 కన్నా పైమెట్టే కదయ్యా” అని బావ వాదన. ఒకే జనరేషన్‌లో అయితే నిజమే. ఆ పాత ఐ5కి నాలుగు కోర్లు (పని చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు). 2022 మొదట్లో వచ్చిన ఐ3-12100కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, పైగా కోరుకి కోరు పోల్చినా ఎక్కడా పొంతన లేదు, కొత్త ఐ3 చాలా ముందుంటుంది. పేరులో అంకె కన్నా గీత తర్వాతి అంకెలు ముఖ్యం. 4570 అంటే నాలుగో జనరేషన్, 8500 అంటే ఎనిమిది, 12100 అంటే పన్నెండు. కొటేషన్‌లో ఉత్త ‘ఐ5’ అని మాత్రమే ఉంటే అది పాతదనే అనుకోండి, కొత్తది అమ్మేవాడు గొప్పగా నంబరుతో సహా రాస్తాడు.

వేగం సంగతి సర్దుకుపోదామన్నా విండోస్‌తో ఇంకో చిక్కుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి పైవి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. “మేం ఎక్కించి ఇస్తాం సార్, టెన్షన్ పడకండి” అంటారు, అడ్డదారిలో ఎక్కుతుంది కూడా. కానీ అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. సొంత బ్యాంకు ఖాతాతో పాటు నలుగురు వ్యాపారస్తుల జీఎస్‌టీ పాస్‌వర్డులు ఉండే కంప్యూటర్‌ని అలా గాలికి వదలలేం.

బడ్జెట్ నిజంగా బిగుతుగా ఉంటే సెకండ్ హ్యాండ్‌ని తీసిపారేయక్కర్లేదు. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటి కంపెనీ డెస్క్‌టాప్‌లు ఆఫీసుల నుంచి తిరిగొచ్చినవి దొరుకుతాయి. అందులో ఐ5-8500 ఉన్నదైతే, ఆరు కోర్లు, విండోస్ 11 జాబితాలో ఉన్నదే, ట్యాలీకీ బ్రౌజర్‌కీ హాయిగా సరిపోతుంది. పైన చెప్పిన కొత్త బోర్డు పాత ఐ5 కన్నా వెయ్యి రెట్లు నయం. ఒక్కటే ఇబ్బంది, చిన్న సైజు డబ్బాల్లో ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు అందించే పెట్టె), బోర్డు ఆ కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి, అవి పోతే బజార్లో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. మేనకోడలు ఒక్కదానికే అయితే నేను దీనికే ఓటేసేవాణ్ణి. బావ పని ఆగితే ఒకరి రిటర్ను ఆగుతుంది కాబట్టి కొత్తదాని వైపు మొగ్గాను.

12100నా, 5600జీనా?

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. ఇంటెల్ కోర్ ఐ3-12100 ఒకవైపు, ఏఎండీ రైజెన్ 5 5600జీ ఇంకోవైపు. రెండింట్లోనూ గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి, విడిగా కార్డు కొనక్కర్లేదు. ఇళ్ళల్లో వాడే కంప్యూటర్‌కి ఇది మొదటి షరతు.

ఇక్కడే ఒక అక్షరం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 12100ఎఫ్ అని ఇంకోటి ఉంటుంది, కాస్త చవక, అందులో గ్రాఫిక్స్ లేవు. రైజెన్ 5 5500, 5600లలో కూడా లేవు, చివర జీ ఉన్నవాటిలోనే ఉంటాయి. ఎఫ్ కొని మానిటర్‌కి వైరు తగిలిస్తే నల్లటి తెర తప్ప ఏమీ రాదు. దానికి విరుగుడుగా షాపులో ఒక జీటీ 710నో జీటీ 730నో కలిపి “గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది సార్” అని అంటగడతారు. జీటీ 730 అనేది 2014 నాటి కార్డు, దానికన్నా 5600జీ లోపలున్న వేగా గ్రాఫిక్సే ఎంతో మెరుగు. ఆ కార్డుకి పెట్టే డబ్బుతో ఎస్‌ఎస్‌డీ రెట్టింపు సైజు తీసుకోవచ్చు.

ఇక రెండింటి బలాలు. 12100లో ఒక్కో కోరు వేగం ఎక్కువ. ట్యాలీలో లెడ్జర్ తెరవడం, ఎక్సెల్ షీటు లెక్కతేలడం, వెబ్ పేజీ చటుక్కున రావడం, ఇవన్నీ ఎక్కువగా ఒక కోరు వేగం మీద నడిచే పనులు, కాబట్టి రోజువారీ వాడకంలో 12100 చురుగ్గా అనిపిస్తుంది. 5600జీకి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. వీడియో మార్చడం, పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేయడం లాంటి అన్ని కోర్లనీ ఒకేసారి పనిలో పెట్టే సందర్భాల్లో అది ముందుంటుంది. గేముల్లో పోటీయే లేదు, 5600జీలోని గ్రాఫిక్స్ 12100లోని యూహెచ్‌డీ 730 కన్నా చాలా బలమైనవి. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ దాని మీద హాయిగా ఆడుకోవచ్చు. 12100 మీద వాలరెంట్ నడవదని కాదు, సెట్టింగులన్నీ కిందికి దించితే నడుస్తుంది. మేనకోడలికి ఈ వాక్యం చదివి వినిపిస్తే అలిగింది.

అక్కకి పనికొచ్చే ఒక చిన్న తేడా కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోల్ని ఏవీ1 అనే పద్ధతిలో కుదించి పంపిస్తుంది. దాన్ని విప్పే ఏర్పాటు 12100 గ్రాఫిక్స్‌లో ఉంది, 5600జీ గ్రాఫిక్స్‌లో లేదు, అందులో ఆ బరువు కోర్ల మీద పడుతుంది. ఆరు కోర్లున్నాయి కాబట్టి వీడియో ఆగదు, ఫ్యాన్ కాస్త ఎక్కువ తిరుగుతుంది, అంతే.

ఇంతవరకూ చూస్తే పిల్ల కోసం 5600జీ, బావ కోసం 12100 అన్నట్టు సరిసమానంగా ఉంది కదా. త్రాసు ఒకవైపు ఒరిగింది ర్యామ్ ధర దగ్గర. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ అమ్ముకుంటే లాభం ఎక్కువని తయారీ కంపెనీలు అటు మళ్ళాయి, మైక్రాన్ అయితే ఆ డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండు ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పాత వీడియోల్లో చెప్పిన ధరలు మర్చిపోండి. నేను కూడా ఇక్కడ ధరలు రాయకపోవడానికి కారణం అదే, రాసిన వారానికే పాతబడతాయి.

దీనికీ ప్రాసెసర్‌కీ ఏంటి సంబంధం అంటే, లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటాయి. ఒక 16 జీబీ స్టిక్ పెట్టేకన్నా రెండు 8 జీబీ స్టిక్కులు పెడితే ర్యామ్‌కి రెండు దార్లు తెరుచుకుంటాయి, డ్యూయల్ చానల్ అంటారు. 5600జీ గ్రాఫిక్స్ బలం అంతా ఆ రెండు దార్ల మీదే ఆధారపడి ఉంది, ఒక్క స్టిక్‌తో నడిపిస్తే గేముల్లో బాగా నీరసపడిపోతుంది. అంటే 5600జీ తీసుకునేవాళ్ళు మొదటిరోజే రెండు స్టిక్కులకీ డబ్బు కట్టాలి. 12100తో ట్యాలీ, బ్రౌజర్ నడిపించేవాళ్ళు ఇవాళ ఒక 8 జీబీ స్టిక్‌తో మొదలుపెట్టి, ధరలు దిగాక రెండోది వేసుకున్నా పెద్ద లోటు తెలియదు. అలా చేసేటప్పుడు మొదటి స్టిక్ కంపెనీ, మోడల్ రాసిపెట్టుకుని రెండోది అదే తీసుకోండి. క్రోమ్ ట్యాబులు బావలా తెరిచేవాళ్ళకి 8 జీబీతో ఎక్కువ కాలం గడవదు, అది కూడా చెప్పాలి.

అందుకే ఆ ఇంటికి 12100 అన్నాను. మీ ఇంట్లో గేములాడే పిల్లలే ప్రధానమైతే, రెండు స్టిక్కులకి డబ్బుంటే, ఇదే లెక్క తిరగేసి 5600జీ తీసుకోండి, సందేహం అక్కర్లేదు. ఇంజనీరింగ్‌లో మొదటి రెండేళ్ళ కోడింగ్‌కి ఏదైనా ఎక్కువే.

ఐ5-12400 కూడా అడుగుతారు, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 12100లో ఉన్న గ్రాఫిక్సే. మంచిది. ధరలో తేడా ఒక ర్యామ్ స్టిక్ కన్నా తక్కువ ఉంటే ఆలోచించండి, లేదంటే ఆ డబ్బు ర్యామ్‌కే పెట్టండి. రైజెన్ 8600జీ లాంటి ఏఎం5 (ఏఎండీ కొత్త సాకెట్) ప్రాసెసర్లు ఇంకా మెరుగే, ముందు ముందు కొత్త ప్రాసెసర్ వేసుకునే వీలూ ఎక్కువ, కానీ వాటికి డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ తప్పనిసరి, బోర్డూ ఖరీదే. ఇంటి లెక్కల కంప్యూటర్‌కి ఆ ఖర్చు ఇప్పుడు దండగ.

బోర్డు, ఎస్‌ఎస్‌డీ

12100కి హెచ్610 బోర్డు చాలు. అదే బోర్డు మీద పన్నెండు, పదమూడు, పద్నాలుగో జనరేషన్ ప్రాసెసర్లు పడతాయి, కాబట్టి నాలుగేళ్ళ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఒక ఐ5 దొరికితే వేసుకోవచ్చు, బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించుకుంటే సరిపోతుంది. కొనేటప్పుడు మూడు చూడండి: డీడీఆర్4దా డీడీఆర్5దా (హెచ్610 రెండు రకాలూ వస్తుంది, ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో దిగదు), ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కూర్చునే చోటు) ఉందా, మీ మానిటర్‌కి సరిపడే పోర్టు ఉందా. ఇంట్లో పాత మానిటర్ వీజీఏది ఉండి దాన్నే వాడదామంటే ఈ మూడోది మరీ ముఖ్యం. బోర్డులో వైఫై ఉండకపోవచ్చు, రూటర్ నుంచి వైరు లాగడం కుదరకపోతే ఒక యూఎస్‌బీ డాంగిల్ లెక్కలో వేసుకోండి.

5600జీ తీసుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. షాపులో చాలాకాలంగా పడి ఉన్న బీ450, ఏ520 బోర్డుల్లో బయోస్ పాతదై ఉంటే ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. అప్‌డేట్ చేసి, తెర మీద బొమ్మ చూపించి ఇవ్వమనండి.

ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పేరున్న కంపెనీ ఎన్‌వీఎంఈ 500 జీబీది తీసుకోండి. పాత హార్డ్‌డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా తేడా భూమ్యాకాశాలు, శాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే ట్యాలీ వాడేవాళ్ళకి అంతగా తెలియదు. అయినా బోర్డు మీదే కూర్చుంటుంది, వైర్లుండవు, ధర కూడా అటూ ఇటూగా అంతే. పేరు ఎప్పుడూ వినని కంపెనీ ఎస్‌ఎస్‌డీలు ‘ప్యాకేజీ’ల్లో పెడతారు, వాటిలో లెక్కల డేటా పెట్టడం అంటే కళ్ళు మూసుకుని రోడ్డు దాటడమే. ఫొటోలకి, ట్యాలీ బ్యాకప్‌కి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ విడిగా ఉండాలి, అది తప్పదు.

కరెంటు విషయం

వాదనలన్నీ ప్రాసెసర్ల మీద జరుగుతాయి గానీ మన దగ్గర కంప్యూటర్లు చచ్చిపోయేది ఎక్కువగా కరెంటు వల్లే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి, తర్వాత కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న మంచి కంపెనీది పట్టుకోండి, బరువులోనే సగం సంగతి తెలిసిపోతుంది. ఉచితదాని స్టిక్కర్ మీద 450 అని రాసి ఉంటుంది, అంత ఇవ్వగలదా అన్నది దేవుడికే తెలియాలి. గ్రాఫిక్స్ కార్డు లేని ఈ కంప్యూటర్ మామూలు పనిలో మానిటర్‌తో కలిపినా వంద వాట్లు దాటదు, కాబట్టి వాట్లు పెంచుకుంటూ పోనక్కర్లేదు, 400, 450 చాలు. చూడాల్సింది నాణ్యత. వోల్టేజీ ఎగిరి చవక ఎస్‌ఎంపీఎస్ పోయేటప్పుడు అది ఒక్కటే పోదు, బోర్డుని కూడా వెంట తీసుకుపోయే ప్రమాదం ఉంది. ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గినా పర్లేదు, ఇక్కడ తగ్గొద్దు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని అక్క పాత కంప్యూటర్ గురించి ఎప్పుడూ అనేది. చెప్పులేసుకుని ముట్టుకుంటే ఏమీ ఉండదు, వట్టికాళ్ళతో గచ్చు మీద నిలబడి స్క్రూ దగ్గర వేలు పెడితే చిన్నగా చీమ కుట్టినట్టుంటుంది. చాలామంది ఎస్‌ఎంపీఎస్ పాడైందనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది వేరు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని రొదని వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, అవి కొద్దిపాటి కరెంటుని ఎర్త్ వైపు పంపిస్తుంటాయి. ప్లగ్గు మూడో పిన్ను దగ్గర ఎర్తింగ్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే క్యాబినెట్ రేకు మీదే ఉండిపోతుంది. పాత ఇళ్ళల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్త్ వైరు ఉండదు. కంప్యూటర్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క పాయింటు చూపించండి. రెండు పిన్నుల అడాప్టర్‌తో పని కానిచ్చేయొద్దు.

యూపీఎస్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి, చివర్లో మిగిలితే కొందామనుకుంటే ఎప్పటికీ కొనరు. 600 వీఏది చాలు, కరెంటు పోయాక పది నిమిషాలు సులువుగా లాగుతుంది, ట్యాలీ మూసేసి షట్‌డౌన్ చేయడానికి అది ఎక్కువే. ట్యాలీ తెరిచి ఉండగా హఠాత్తుగా ఆగిపోతే డేటా దెబ్బతినొచ్చు, ఆ రాత్రి బావతో ఎవరూ మాట్లాడలేరు. “ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా?” అన్నాడు బావ. ఉంది. చాలా ఇన్వర్టర్లకి వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, అందులో పెడితే మారే సమయం తగ్గుతుంది, సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే కంప్యూటర్ ఆగకుండా నడిచే అవకాశం ఎక్కువ. స్క్వేర్ వేవ్‌ది అయితే మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని దాంతో పొసగక ఆగిపోతాయి. కొనేముందు ఇంట్లో ఉన్నది ఏదో చూసుకుని, ఆ ప్లగ్ పాయింటు ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో కనుక్కుని, తేలకపోతే చిన్న యూపీఎస్ పెట్టేసుకోవడమే నిశ్చింత. దాని బ్యాటరీ రెండు మూడేళ్ళకి మార్చాలి.

వేడి సంగతి కూడా అడుగుతారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మనవి, కంప్యూటర్ తట్టుకుంటుందా? 12100కి గరిష్ఠ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు, 5600జీకి 95, అక్కడికి వెళ్ళేలోపే అవి వేగం తగ్గించుకుని తమని తాము కాపాడుకుంటాయి. బాక్సులో వచ్చే కూలర్ ఈ రెండింటికీ చాలు, లిక్విడ్ కూలర్ పేరెత్తినవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి. క్యాబినెట్ ముందు భాగం గాజుపలక కాకుండా జాలీ ఉన్నది తీసుకోండి, వెనక ఒక ఫ్యాన్ ఉండాలి. ఆర్నెల్లకోసారి దుమ్ము దులపాలి. మిర్చి యార్డు దగ్గర కొట్లలో వాడిన కంప్యూటర్ మూత తీసేటప్పుడైతే ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, అది వేరే కథ.

క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ పోర్టులు గట్టిగా ఉన్నాయో లేదో షాపులోనే పెన్‌డ్రైవ్ పెట్టి తీసి చూడండి. బావ రోజూ డిజిటల్ సంతకం టోకెన్ పెట్టి తీస్తాడు, చవక క్యాబినెట్లలో మొదట వదులయ్యేది అదే.

మానిటర్ దగ్గర పిసినారితనం వద్దు. ప్రాసెసర్ మారుతుంది, మానిటర్ పదేళ్ళు ఉంటుంది. 22 అంగుళాలదైనా 24 అంగుళాలదైనా 1920 బై 1080 ఒకటే, కాబట్టి 24లో అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి, నలభై దాటిన కళ్ళకి అది వరం. ఐపీఎస్ ప్యానెల్ అడగండి, పక్కనుంచి చూసినా రంగులు మారవు.

ఎక్కడ కొనాలి

గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట, విజయవాడలో గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు, అంతకన్నా చవగ్గా కావాలంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ, లేదంటే ఆన్‌లైన్. ధర ఒక్కటే చూస్తే సీటీసీనో ఆన్‌లైనో కొన్నిసార్లు గెలుస్తాయి. కానీ ఎస్‌ఎంపీఎస్ పోయిందని హైదరాబాద్ వెళ్ళిరావడం బావ వల్ల కాదు. ఆన్‌లైన్ ధరలు ఫోన్‌లో తెరిచి పెట్టుకుని, వాటికి వెయ్యి రెండు వేలు అటూ ఇటూగా ఇచ్చే దగ్గరి షాపులో తీసుకోమన్నాను. వారంటీకి పార్టు షాపులోనే తీసుకుంటారా, సర్వీస్ సెంటర్‌కి మనమే పంపాలా అన్నది ముందే అడగాలి.

“బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం” అన్నమాట ఎక్కడైనా వినిపిస్తుంది. పార్టుల మీద జీఎస్‌టీ 18 శాతం, ఆశ పుట్టడం సహజం. జీఎస్‌టీ రిటర్నులు వేసి బతికే మనిషి ఇంట్లో బిల్లులేని కంప్యూటర్ ఏంటని నేనంటే బావ నవ్వాడు గానీ, అసలు కారణం వారంటీ. బిల్లు మీద సీరియల్ నంబర్లు కూడా రాయించుకోండి. అలాగే ట్రే ప్రాసెసర్ అని బాక్సు లేకుండా అమ్ముతారు, చవకగా ఉంటుంది, బాక్సుతో వచ్చేదానికి ఉండే మూడేళ్ళ కంపెనీ వారంటీ దానికి ఉండకపోవచ్చు, కూలర్ కూడా విడిగా కొనాలి.

విండోస్ లైసెన్సు ధర ఏ కొటేషన్‌లోనూ ఉండదు. అడక్కపోతే క్రాక్ చేసినది ఎక్కించి పంపిస్తారు. ఆ క్రాక్ ఫైళ్ళతో పాటు ఇంకేం లోపలికొస్తాయో ఎవరికీ తెలియదు, క్లయింట్ల లాగిన్లు ఉండే చోట అది ససేమిరా వద్దు. ఉచితమని లినక్స్ వేద్దామంటే అక్కకీ మేనకోడలికీ బాగానే ఉంటుంది, ట్యాలీకి మాత్రం విండోస్ కావాలి, సంతకం టోకెన్‌కీ అక్కడే తలనొప్పి తక్కువ. అందుకని లైసెన్సుకి కూడా మొదటే డబ్బు పక్కన పెట్టించాను.

బిగించాక షాపులోంచి కదిలేముందు టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో చూడండి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ లేకుండా మీరు డబ్బిచ్చిన నంబరే ఉందా, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయి, డీడీఆర్4 ర్యామ్ అయితే వేగం 3200 చూపిస్తోందా, డిస్క్ పేరు బిల్లులో రాసినదేనా. అయిదు నిమిషాల పని, అక్కడే తేడా తేలితే అక్కడే మార్పించుకోవచ్చు. ఇంటికొచ్చాక అట్టపెట్టెలన్నీ పారేయకుండా కనీసం బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్‌లవి మూడేళ్ళు ఉంచమని అక్కకి చెప్పాను. అటక మీద చోటు లేదంటోంది.